ఆపేక్ష మనసులో ఉంటే చాలునా? పుస్తకాలలో ప్రేమ, ఇంట్లో ప్రేమ

పాత వాల్తేరు మాస్టారు (చర్చ ప్రారంభించినవారు):

మిత్రులందరికీ నమస్కారం. నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. పోయిన ఆదివారం విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి బయటికి వస్తుంటే నా పాత విద్యార్థి ఒకడు ఎదురై, కాళ్లకు దండం పెట్టి, మెట్ల మీదే ఒక ప్రశ్న అడిగాడు. "మాస్టారూ, తొమ్మిదో తరగతిలో మీరు మాకు శకుంతల కథ చెబుతూ, కొడుకును ఒక్కసారి దగ్గరికి తీసుకోమని ఆవిడ దుష్యంతుణ్ణి వేడుకునే పద్యం దగ్గర గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. మీ అబ్బాయి కూడా అదే తరగతిలో వెనక బెంచీలో ఉన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక వాణ్ణి దగ్గరికి తీసుకున్నారా?" వాడి ముఖంలో ఆక్షేపణ లేదు. ఇప్పుడు వాడికీ ఇద్దరు పిల్లలున్నారు కనుక నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. మా అబ్బాయికి పదేళ్లు నిండిన తరువాత నేను వాడి భుజం మీద చెయ్యి వేసిన సందర్భం ఎంత వెతుక్కున్నా నాకు గుర్తు రాలేదు.

ఆ పద్యంలో నన్నయ చెప్పించిన మాట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ముత్యాల పేరులు, కర్పూరపు పొడి, చందనం, వెన్నెల, ఇవేవీ కన్నబిడ్డను గుండెకు హత్తుకున్నప్పటి సుఖమంత చల్లనివి కావని శకుంతల నిండు సభలో రాజుకు చెబుతుంది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో కూర్చుని తెలుగులో తొలి కావ్యం రాస్తున్న కవికి ఈ స్పర్శ గురించి చెప్పాలనిపించింది. అంతకు ముందే సంస్కృతంలో భవభూతి, భార్యాభర్తల హృదయాలను కలిపి వేసిన ఆనందపు ముడి పేరే సంతానమని ఉత్తరరామచరితంలో అన్నాడు. ఇవన్నీ నేను పాఠంగా చెప్పాను, పరీక్షల్లో ప్రశ్నలుగా ఇచ్చాను, ప్రతిపదార్థాలు తప్పు రాసిన పిల్లలకు మార్కులు తగ్గించాను.

నా సందేహం ఇది. సాహిత్యం మనకు ప్రేమించడం నేర్పుతోందా, లేక పద్యం దగ్గర కంట తడి పెట్టుకున్నాం కనుక ఇంట్లో పెట్టవలసిన ఖర్చు అక్కడే తీరిపోయిందని మనల్ని ఊరడిస్తోందా? దయచేసి పుస్తకాల సంగతితో పాటు మీ ఇళ్ల సంగతి కూడా చెప్పండి.


ఉక్కునగరం వాసి:

మాస్టారికి నమస్కారం. మీరు మిమ్మల్ని మరీ కఠినంగా శిక్షించుకుంటున్నారని నాకు అనిపిస్తోంది. ప్రేమ అన్నది చెప్పుకునేది కాదు, చేసేది. మా నాన్న ఉక్కు కర్మాగారంలో మూడు షిఫ్టులూ చేశారు. బి షిఫ్టు వారంలో ఆయన రాత్రి పది దాటాక బయలుదేరి ఇంటికి చేరేసరికి మేమిద్దరం నిద్రపోయి ఉండేవాళ్లం, పొద్దున మేము బడికి వెళ్లేటప్పుడు ఆయన నిద్రలో ఉండేవారు. అలా వారాల తరబడి ఒకే ఇంట్లో ఉండి ఒకరినొకరం చూసుకోకుండా గడిపిన రోజులున్నాయి.

అయినా మా ఇద్దరి పెన్సిళ్లు ఎప్పుడూ మొనతేలి ఉండేవి. అవి అమ్మ చెక్కుతోందని అనుకునేవాణ్ణి. ఏడో తరగతిలో జ్వరం వచ్చి ఒక రాత్రి మెలకువ వచ్చినప్పుడు చూశాను. ఆయన ఇంకా యూనిఫాం విప్పలేదు, ఖాళీ క్యారేజీ పక్కన పెట్టుకుని, వంటింటి గడప మీద కూర్చుని, చిన్న చాకుతో పెన్సిలు చెక్కుతున్నారు. చెక్కిన ముక్కను లైటుకు ఎత్తిపట్టి మొన చూసుకుని, చెత్తను న్యూస్ పేపరులో పోగుచేసి మడిచి, పెన్సిళ్లను మా డబ్బాల్లో పెట్టారు. నన్ను చూశారు గానీ ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. ఇన్నేళ్లలో ఆ సంగతి మా మధ్య ఒక్కసారి కూడా మాటగా రాలేదు. దానివల్ల నాకు ఏదో లోటు జరిగిందని నేను అనుకోవడం లేదు. మన తండ్రుల తరాన్ని ఇప్పటి కొలతలతో కొలవకూడదు.


సంపెంగ:

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు కథ మీద పరిశోధన చేస్తున్నాను. ఉక్కునగరం గారూ, మీ నాన్నగారి చాకు, పెన్సిలు చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. అయినా ఒక్క మాట చెప్పక తప్పదు. ఆ రాత్రి మీకు జ్వరం రాకపోతే, ఆ ప్రేమ మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. మీకు తెలిసింది కాబట్టే అది ఈరోజు మీ బలం అయింది.

మాస్టారి ప్రశ్నకు నా జవాబు వేరు. అసలు కుటుంబ ప్రేమను కీర్తించే సాహిత్యం మీదే నాకు అనుమానం ఉంది. పాత వారపత్రికల కథలు వందల కొద్దీ చదివాను. వాటిలో తల్లి అందరూ తిన్నాక మిగిలినది తింటుంది, అక్క పెళ్లి మానుకుని తమ్ముళ్లను చదివిస్తుంది, కోడలు అన్నీ దిగమింగుకుంటుంది, చివరి పేరాలో ఎవరో ఒకరు ఆమె ప్రేమమూర్తి అని చేతులెత్తి మొక్కుతారు. ఆ మొక్కు వెనకాల ఆమె చాకిరీ ఎవరూ పంచుకోకుండానే ఉండిపోతుంది. ప్రేమ అనే మాటను ఇంతకాలం ఆడవాళ్ల చేత పని చేయించుకోవడానికి వాడుకున్నాక, ఇప్పుడు అదే మాటను ఇంకా పెంచమని అడిగితే నాకు భయం వేస్తుంది.

మన ప్రాంతపు గొప్ప కథలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి. చాసో (చాగంటి సోమయాజులు) "వాయులీనం" కథలో భార్య జబ్బు నయం చేయించడానికి ఆమె వాయులీనాన్నే, అంటే వయొలిన్‌నే, అమ్ముకోవలసి వచ్చిన కాపురం ఉంది. అక్కడ భర్తకు ప్రేమ లేదని ఎవరూ అనలేరు, కానీ ఆ ప్రేమ కొనగలిగినది చాలా తక్కువ. కాళీపట్నం రామారావు గారి "యజ్ఞం" చివర తండ్రి తన బిడ్డను తానే చంపుకుంటాడు, తరతరాల అప్పుకు వాడు వారసుడు కాకూడదని. ఆ తండ్రికి ఆపేక్ష లోపించిందా? లోపించింది ఊళ్లో న్యాయం. ముందు న్యాయం గురించి మాట్లాడుకుందాం, ప్రేమ దాని వెనకే వస్తుందని నా అభిప్రాయం.


సింహాచలం మెట్లు:

చిన్న మాట. మా పిల్లలకు ఆంగ్లంలో ఒక్క "లవ్" తెలుసు, అన్నింటికీ అదే వాడతారు. మన భాషలో ఎన్ని ఉన్నాయో చూడండి. బిడ్డ మీద ఉండేది మురిపెం, మక్కువ. బంధువు మీద ఉండేది ఆపేక్ష. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు ఇచ్చేది చనువు. దూరమైతే కలిగేది బెంగ. బెంగ అనేది మా అమ్మమ్మ దృష్టిలో నిజమైన జబ్బే. పసిపిల్ల తల్లి దగ్గర లేక తిండి మానేస్తే "గుంటకి బెంగెట్టుకుంది, మందుకి తగ్గదు, తల్లిని తీసుకురండి" అనేది. ఇన్ని మాటలు పుట్టించుకున్న జాతి ప్రేమను దాచుకునే జాతి కాదు. ఆ మాటలు నోట పలకడం మానేశాం, అంతే.


రాత్రి డ్యూటీ:

పై సభ్యులు రాసిన బెంగ గురించి నేను చెప్పవలసినది ఉంది. నేను నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మా చదువులో చెప్పేవారు. అమెరికాలో హారీ హార్లో అనే శాస్త్రవేత్త కోతిపిల్లలకు రెండు బొమ్మ తల్లులను ఇచ్చాడట. ఒకటి ఇనుప తీగతో చేసినది, దానికి పాలసీసా ఉంది. రెండోది మెత్తని గుడ్డ చుట్టినది, దానికి పాలు లేవు. కోతిపిల్లలు పాలు తాగడానికి మాత్రం తీగ తల్లి దగ్గరికి వెళ్లి, మిగిలిన సమయమంతా గుడ్డ తల్లినే కరుచుకుని ఉన్నాయి. 1958లో ఆయన దీన్ని ప్రేమ స్వభావం అనే పేరుతోనే ప్రకటించాడు. ఆ కోతిపిల్లలను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. కానీ కడుపు నింపడం ఒక్కటే పెంపకం కాదని లోకానికి అర్థమైంది అలాంటి పరిశోధనల వల్లే.

మా వార్డులో కంగారూ మదర్ కేర్ అని ఒక పద్ధతి పాటిస్తాం. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను డైపరు, టోపీ తప్ప బట్టలు లేకుండా తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, గుడ్డతో కట్టి ఉంచుతాం. తల్లి ఒంటి వెచ్చదనంతోనే బిడ్డ ఒళ్లు చల్లబడకుండా నిలబడుతుంది, ఊపిరి కుదురుతుంది, పాలు తాగడం తొందరగా అలవాటవుతుంది. తల్లికి బాగాలేనప్పుడు తండ్రి గానీ అమ్మమ్మ గానీ చేయవచ్చు.

ఒకసారి చేపల రేవులో బోటు మీద పనిచేసే కుర్రవాడు తండ్రి అయ్యాడు. తల్లి ఆపరేషనుతో లేవలేని స్థితిలో ఉంది. బిడ్డ 1.4 కిలోలు. చొక్కా తీసి కూర్చోమంటే అతను చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసి బిడియపడి, "నా చేతులు మోటువి సిస్టర్, వలతాడు లాగిన చేతులు, గుంటకి గీరుకుంటాది" అన్నాడు. నేనే సబ్బుతో చేతులు కడిగించి, బిడ్డను ఛాతీ మీద ఆనించి గుడ్డ కట్టాను. మొదటి పది నిమిషాలు అతను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. తరువాత బిడ్డ ముఖం ఎటు తిరిగి ఉంటే అతని మెడ అటే వంగింది. రాత్రి రెండు గంటలకు వెళ్లి చూస్తే, రేవులో వల లాగేటప్పుడు పాడే పాటేదో చాలా నెమ్మదిగా, గొంతులోనే పాడుతున్నాడు. ఆ పాట బిడ్డకు చెవితో వినిపించే అవసరం లేదు, ఛాతీలోంచే తెలుస్తుంది.

సంపెంగ గారూ, మీరన్న న్యాయం కావాలి, కాదనను. ఆడపిల్ల పుట్టిందని చూడటానికి రాని తండ్రులను కూడా నేను అదే వార్డులో చూశాను. కానీ ఆ బిడ్డకు ముందు న్యాయం, తరువాత వెచ్చదనం అని వరస పెట్టలేము. ఆ రాత్రి దాటకపోతే తరువాత అన్నది లేదు.


పాత వాల్తేరు మాస్టారు:

సంపెంగ గారు న్యాయం మాట ఎత్తినప్పటి నుంచి నా మనసులో గురజాడ "పూర్ణమ్మ" తిరుగుతోంది. బంగారు బొమ్మ లాంటి పిల్లను డబ్బుకు లోబడి ముసలి వరుడికి ముడివేశారని చెబుతూ, తల్లీ తండ్రీ ఏమి విడనాడి ఆ పని చేశారో ఆయన రెండు మాటల్లో చెప్పాడు: "నెనరూ న్యాయం". నెనరు అంటే ఆపేక్షే. ఈ పంక్తిని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు గానీ, ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో ఎందుకు వచ్చాయో నిన్నటి దాకా ఆలోచించలేదు. ఒకటి ముందు, ఇంకొకటి వెనక అని ఆయన అనలేదు. రెండూ ఒకేసారి పోయాయి.

అంతకన్నా నన్ను నిలువునా కదిలించేది, ప్రాణం తీసుకోవడానికి చెరువుకు వెళ్లే ముందు ఆ పిల్ల అన్నదమ్ములకు చెప్పే మాట. తనను అమ్మిన ఇంటివాళ్లనే ఆమె ఏమి అడిగింది? నలుగురూ కూర్చుని నవ్వుకునే వేళ తన పేరు ఒకసారి తలచుకోమంది, మీకు పుట్టే ఆడపిల్లల్లో ఒకతెకు ప్రేమతో తన పేరు పెట్టమంది. ఆస్తి అడగలేదు, పగ అడగలేదు. ఆ నవ్వుల మధ్య కాస్త చోటు అడిగింది. న్యాయం జరగని చోట కూడా ప్రేమ కోసం మనిషి ఎంత దూరం చెయ్యి చాస్తుందో చూపించడానికి ఇంతకన్నా నాకు ఉదాహరణ తెలియదు. సంపెంగ గారు చదివిన పత్రిక కథలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఆ కథలు తల్లి త్యాగానికి మొక్కి ఊరుకుంటాయి. గురజాడ మొక్కలేదు, ఎవరి తప్పో చెప్పి మరీ ఏడిపించాడు.

శకుంతల కూడా ఇంతే. బిడ్డ కౌగిలి వెన్నెల కన్నా చల్లన అన్న నోటితోనే, వందమంది కొడుకుల కన్నా ఒక్క నిజమైన మాట మేలని రాజుకు చెప్పింది. ఈ రెండు పద్యాలనూ నేను వేరువేరుగా చెప్పాను. ఒకటి వాత్సల్యానికి ఉదాహరణ, రెండోది నీతికి ఉదాహరణ అని నోట్సు ఇచ్చాను. రెండూ ఒకే మనిషి, ఒకే సభలో, ఒకే బిడ్డ చెయ్యి పట్టుకుని అన్నవని పిల్లలకు చెప్పవలసింది.

ఇంకొక సంగతి. నాట్యశాస్త్రం రాసిన భరతుడు లెక్కపెట్టిన ఎనిమిది రసాల్లో వాత్సల్యానికి చోటు లేదు. 14వ శతాబ్దంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దానిని రసంగా ఒప్పుకుని నిర్వచించాడు. కవులు ఎప్పటినుంచో రాస్తూనే ఉన్నారు, తల్లులు జోల పాడుతూనే ఉన్నారు, శాస్త్రం మాత్రం ఆలస్యంగా కళ్లు తెరిచింది. నేను కూడా ఆ శాస్త్రం చదివినవాణ్ణే.


భీమిలి దారి:

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, వాళ్లు చూడనప్పుడు రద్దు చేయమని కూడా అడగవచ్చు. అవసరమైన చట్టమే. దానివల్ల అన్నం దొరికినవాళ్లను నేను చూశాను.

ఒక తల్లి సంగతి మాత్రం మరచిపోలేను. డెబ్బై దాటిన మనిషి. కొడుకు నెలకు ఇంత ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. కాగితం చేతికి ఇచ్చి, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది, మీరు ఎవరినీ అడగనవసరం లేదని ధైర్యం చెప్పాను. ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి, "బ్యాంకులో కాదు బాబూ, ఆడే తెచ్చి ఇవ్వాలని రాయలేరేటి? నెలకోసారి వస్తాడు గదా" అంది. అలా రాసే వీలు ఆ ఉత్తర్వులో లేదు. నేను ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో దరఖాస్తులకు వీలు కాదని జవాబు చెప్పాను, ఆ ఒక్క జవాబు మాత్రం నాకు ఇంకా బరువుగానే ఉంది.


లాసన్స్ బే:

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. మా నాన్నకూ నాకూ అప్పటికి నెల రోజులుగా మాటలు లేవు, నేను తీసుకోదలచిన గ్రూపు గురించి గొడవ. కిటికీ అద్దాలు పగిలాక అందరం మధ్య గదిలోకి చేరాం. గాలికి తలుపు గడియ ఊడిపోతుంటే నాన్న వీపు ఆనించి, కాళ్లు ఎదుటి గోడకు తన్నిపెట్టి కూర్చున్నారు. కొన్ని గంటలు అలాగే ఉన్నారు. వెనక్కి చాచిన ఒక చెయ్యి మాత్రం నా మణికట్టును పట్టుకుని ఉంది. సాయంత్రం గాలి తగ్గాక చూసుకుంటే ఆయన వేళ్ల గుర్తులు నా చేతి మీద ఎర్రగా ఉన్నాయి.

తరువాత చాలా రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు. కొవ్వొత్తి దగ్గర కూర్చుని ఆయన తన చిన్నతనం చెప్పారు, తన తండ్రి తనను ఏ చదువు చదవనివ్వలేదో చెప్పారు. అప్పుడు గానీ ఆ గొడవ ఎక్కడ పుట్టిందో నాకు తెలియలేదు. కరెంటు వచ్చాక మళ్లీ ఆ మాటలు తగ్గిపోయాయి. ఉక్కునగరం గారితో నాకు పేచీ లేదు, మా నాన్న కూడా చేతలతోనే ప్రేమించారు. కానీ ఆ చెయ్యి అందడానికి ఊరంతా చెట్లు కూలవలసి వచ్చింది. అంతదాకా ఎందుకు ఆగాలి అన్నదే నా బాధ.


సంపెంగ:

మాస్టారూ, "నెనరూ న్యాయం" గురించి మీరు రాసినది చదివాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. న్యాయం ముందు రావాలని అన్నాను. నర్సమ్మ గారు చెప్పిన బోటు కుర్రవాణ్ణి చూస్తే, బిడ్డను మోయడం తల్లి ఒక్కదాని పనే కాదని అతను ఏ వాదమూ లేకుండా ఒప్పుకున్నాడు. ఆ పని పంచుకున్నప్పుడే అతనికి ప్రేమ కూడా చేతికి వచ్చింది. నా సిద్ధాంత గ్రంథంలో ఇంతవరకు కుటుంబ కథలన్నింటినీ ఒకే గంపలో వేశాను. ఎవరి శ్రమను కప్పిపుచ్చడానికి ప్రేమ మాట వాడారో ఆ కథలు వేరు, ఎవరి శ్రమ ఎవరికి కనబడిందో చెప్పిన కథలు వేరు. గురజాడ "దిద్దుబాటు" 1910లో వచ్చింది. అందులో భార్య పుట్టింటికి వెళ్లిపోతున్నానని ఉత్తరం రాసి, మంచం కింద దాక్కుని, భర్త తన తప్పు తెలుసుకున్నాక నవ్వుతుంది. ఆ నవ్వును నేను రాజీ అని రాసుకున్నాను. ఆ అధ్యాయం మళ్లీ రాయాలి. ఆ నవ్వు వినబడేది అతను తనను తాను దిద్దుకున్న తరువాతే కదా.

మా అమ్మ ఈ చర్చ నాతో పాటు చదువుతోంది. లాసన్స్ బే గారి మాట దగ్గర ఫోను పక్కన పెట్టి, నా తలకు నూనె రాస్తానని కూర్చోబెట్టింది. ఎనిమిదేళ్ల తరువాత.


ఉక్కునగరం వాసి:

మీ అందరి మాటలూ చదివాక నేను మొదట రాసినదానిలో ఒక్క వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. లోటు జరగలేదని రాశాను. జరిగింది, నాకు కాదు, ఆయనకు. నేను చూశానన్నది, నాకు గుర్తుందన్నది ఆయనకు తెలియకుండా ఇరవై ఆరేళ్లు గడిచాయి.

నిన్న భోజనాల దగ్గర చెప్పాను. "నాన్నా, మా పెన్సిళ్లు మీరే చెక్కేవారు, నాకు తెలుసు" అన్నాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. కాసేపటికి, "నీవి తొందరగా అరిగిపోయేవి, గట్టిగా ఒత్తి రాసేవాడివి" అన్నారు. నేను ఒత్తి రాస్తానని నాకు బడిలో మాస్టర్లు కూడా ఎప్పుడూ చెప్పలేదు. తమ్ముడి పెన్సిళ్లు ఎలా ఉండేవో, ఎవరు ఏ చివర కొరికేవారో, అన్నీ వరసగా చెప్పారు. మా ఇంట్లో భోజనాల దగ్గర అంతసేపు ఎవరూ కూర్చోలేదు.


పాత వాల్తేరు మాస్టారు:

ఉక్కునగరం వారి మాట చదివాక నేను కూడా ఆగలేకపోయాను. నిన్న రాత్రి బెంగళూరులో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. మేము సాధారణంగా మాట్లాడుకునేది కరెంటు బిల్లు గురించి, మందుల గురించి, రెండు నిమిషాల్లో ముగుస్తుంది. నిన్న, ఏ పనీ లేదురా, నిన్ను చూడాలనిపించింది, బెంగగా ఉంది అన్నాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తరువాత వాడు గొంతు మార్చి, "నాన్నా, ఒంట్లో బాగాలేదా? డాక్టరు ఏమైనా అన్నాడా?" అని అడిగాడు.

నేను ఆపేక్షగా ఒక మాట అంటే నా కొడుకుకు నా ప్రాణం మీదికి వచ్చిందేమోనని భయం వేసింది. ఆరోగ్యం బాగానే ఉందని నమ్మించడానికి పావుగంట పట్టింది. నమ్మాక, తొమ్మిదో తరగతిలో శకుంతల పద్యం దగ్గర మీరు ఆగిపోయిన రోజు నాకూ గుర్తుంది నాన్నా అన్నాడు. ఆ తరువాత వాడు ఏమి చెప్పబోయాడో చెప్పలేదు, నేనూ అడగలేదు.

శుక్రవారం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాడు. ఎప్పుడూ ఆటో మాట్లాడుకుని వాడే ఇంటికి వచ్చేవాడు. ఈసారి స్టేషనుకు నేను వెళుతున్నాను.